పొట్ట క్యాన్సర్ మూత్రాశయానికి పాకింది, బ్లాడర్ తీసేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్ళు, వ్యవసాయం. రెండేళ్ళ కిందట పొట్టలో క్యాన్సర్ అని ముప్పావు వంతు తీసేశారు, తర్వాత కీమో ఇచ్చారు. పోయిన సంక్రాంతి దాకా పొలం కూడా వెళ్ళొచ్చేవారు. రెండు నెలల నుంచి మూత్రం ఎర్రగా వస్తోంది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు, కొబ్బరి బోండాలు ఇచ్చాం. తర్వాత ఇన్ఫెక్షన్ అని రెండు కోర్సులు యాంటీబయోటిక్స్ వాడారు. స్కాన్ చేస్తే మూత్రాశయం గోడ మందంగా ఉంది, కుడి కిడ్నీ వాచింది అన్నారు. క్రియాటినిన్ 2.1. ముక్క తీసి పరీక్ష చేస్తే 'సిగ్నెట్ రింగ్ సెల్' అని రాశారు. ఒక డాక్టరు ఇది బ్లాడర్ క్యాన్సర్ అన్నారు, ఇంకొకరు పాత పొట్ట క్యాన్సరే పాకిందన్నారు. టెక్సాస్‌లో ఉన్న అన్నయ్య ఎంత ఖర్చయినా సరే బ్లాడర్ తీసేయించమంటున్నాడు. ఊళ్ళో వాళ్ళేమో పసరు మందు అంటున్నారు. నాన్నకి ఇంకా ఏమీ చెప్పలేదు, ఇన్ఫెక్షనే అని చెబుతున్నాం. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? ఎంత కాలం ఉంటారు? (పేరు, ఊరు రాయొద్దన్నారు)

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ముందు ఆపేసింది క్యాన్సర్ మాట కాదు, క్రియాటినిన్ 2.1 అన్న ఆ అంకె, కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగేది అదే. క్యాన్సర్ సంగతి వారం పది రోజులు ఆగి తేల్చుకోవచ్చు, కిడ్నీ సంగతి ఆగదు. మామూలుగా ఒక కిడ్నీకి దారి మూసుకుపోయినా రెండోది బాగుంటే క్రియాటినిన్ అంత పైకి పోదు. అంటే ఎడమ కిడ్నీ కూడా అంత బాగా పనిచేయడం లేదేమో, లేదా అటు వైపు దారి కూడా బిగుసుకోవడం మొదలైందేమో. ఈ జవాబు చదివిన రోజే క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చేయించండి, ఆ కాగితం పట్టుకుని యూరాలజీ డాక్టర్ని 'ఎడమ కిడ్నీ ఎలా ఉంది, కుడి కిడ్నీకి దారి ఎప్పుడు తెరుస్తారు' అని సూటిగా అడగండి. మూత్రం తగ్గిపోయినా, వాంతులు, ఆగని ఎక్కిళ్ళు, మగత, కాళ్ళ వాపు, చలి జ్వరం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా రాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. వాచిన కిడ్నీలో మూత్రం నిలవుండి దానికి ఇన్ఫెక్షన్ తోడైతే గంటల్లో ప్రాణం మీదకి వస్తుంది.

ఇంకోమాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, కొబ్బరి బోండాలు ఆపేయండి. మన ఇళ్ళలో మూత్రం మంట అనగానే బోండాం కొట్టేస్తాం, మామూలు మనిషికి మంచిదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీ బయటికి పంపలేకపోతే అది రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. అలాగే నొప్పి అన్నారని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొనివ్వొద్దు, అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. డాక్టర్ని కలిసేదాకా నొప్పికి పారాసిటమాల్ చాలు. పసరు మందు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఆ పసరులో ఏముందో ఇచ్చేవాళ్ళకే తెలియదు, కొన్ని ఆకులూ వేళ్ళూ నేరుగా కిడ్నీని పాడుచేస్తాయి, క్రియాటినిన్ 2.1 ఉన్న మనిషికి ఆ ప్రయోగం వద్దు. ఇచ్చేవాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, ప్రేమతోనే ఇస్తారు, కానీ వద్దని గట్టిగా చెప్పండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఇది బ్లాడర్ క్యాన్సరా, పొట్టదా?

దీనికంటే ముందు నేను ప్రతి కుటుంబాన్నీ ఒకటి అడుగుతాను, ఎందుకంటే మన భాషలో 'కడుపు' అంటే పొట్ట లోపలున్నవన్నీ వస్తాయి. కడుపు క్యాన్సర్ అని వచ్చినవాళ్ళ కాగితాలు చూస్తే పెద్దపేగుది అయి ఉంటుంది. బ్లాడర్‌కి పాకింది అంటారు, రిపోర్టులో గాల్ బ్లాడర్ ఉంటుంది, అంటే మూత్రాశయం కాదు, కాలేయం కింద ఉండే పిత్తాశయం. నా ముప్పై ఏళ్ళ వార్డు పనిలో ఈ పొరపాటు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, అన్ని నెలలూ ఆ ఇంట్లో వాళ్ళు ఇంకేదో జబ్బు గురించి ఫోన్‌లో వెతుక్కుంటూ భయపడుతూ ఉంటారు. మీ విషయంలో మూత్రంలో రక్తం, మూత్రాశయం గోడ నుంచే ముక్క తీయడం స్పష్టంగా ఉన్నాయి కాబట్టి అనుమానం లేదు. అయినా పాత ఆపరేషన్ రిపోర్టులో 'స్టమక్' లేదా 'గ్యాస్ట్రిక్' అనే మాట ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

సిగ్నెట్ రింగ్ అంటే రాయి పొదిగిన ఉంగరం. కణం లోపల జిగురు నిండిపోయి, మధ్యలో ఉండాల్సిన కేంద్రకాన్ని ఒక అంచుకి నెట్టేస్తుంది, మైక్రోస్కోప్‌లో ఉంగరంలా కనిపిస్తుంది, అందుకే ఆ పేరు. ఈ రకం ఎక్కువగా పొట్టలోనే పుడుతుంది. మూత్రాశయంలో దానంతట అది పుట్టడం కూడా ఉంది, కానీ చాలా అరుదు. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడానికి కారణం ఇదే, ఇద్దరిలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేదు. మైక్రోస్కోప్‌లో రెండూ ఒక్కలాగే ఉంటాయి. జీఏటీఏ3, సీడీఎక్స్2, సీకే7, సీకే20 లాంటి ప్రత్యేక రంగు పరీక్షలు కొంత సాయం చేస్తాయి గానీ వాటితో కూడా కొన్నిసార్లు పూర్తిగా తేలదు. తేల్చేది పాత కథే. రెండేళ్ళ కిందట పొట్ట తీసినప్పటి మైనం దిమ్మలు, గాజు స్లైడ్లు ఆ ఆసుపత్రి ల్యాబులో ఉంటాయి, వాటిని బ్లాకులు అంటారు. దరఖాస్తు రాసి తెచ్చుకోండి, అవి మీ నాన్నగారివే, అడిగే హక్కు మీకుంది. పాత ముక్కనీ కొత్త ముక్కనీ ఒకే పాథాలజిస్టు పక్కపక్కన పెట్టి చూడాలి. వేరే ఏ ఖరీదైన పరీక్షకన్నా ఇది ముందు జరగాలి, ఖర్చు కూడా తక్కువ.

మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే, పొట్టలో క్యాన్సర్ చరిత్ర ఉంది, రెండేళ్ళ తర్వాత వచ్చింది, ఈ కణం రకం ఉంది, కాబట్టి ఇది పొట్టదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ అని నా అభిప్రాయం. పాత రిపోర్టులో కూడా సిగ్నెట్ రింగ్ అనే ఉంటే ఇంక పెద్దగా సందేహించాల్సిన పని లేదు.

పొట్ట ఎక్కడ, మూత్రాశయం ఎక్కడ, అక్కడికెలా పోయింది అని అందరూ అడుగుతారు. నిజమే, అరుదే. పొట్ట క్యాన్సర్ మామూలుగా కాలేయానికి, కడుపులోని అవయవాలని కప్పి ఉండే పొరకి, లింఫ్ గ్రంథులకి, ఊపిరితిత్తులకి, ఎముకలకి పోతుంది. మూత్రాశయంలో బయటి నుంచి వచ్చి చేరే గడ్డలు మొత్తం మూత్రాశయం గడ్డల్లో నూటికి రెండు మూడు మాత్రమే, వాటిలో కూడా ఎక్కువ భాగం పక్కనే ఉన్న పెద్దపేగు, ప్రొస్టేట్, గర్భాశయ ముఖద్వారం నుంచి నేరుగా పాకినవి. దూరం నుంచి వచ్చేవాటిలో మాత్రం పొట్ట ముందు వరుసలోనే ఉంటుంది, చర్మం మీద వచ్చే మెలనోమా, ఊపిరితిత్తులు, రొమ్ము కూడా ఆ వరుసలోవే. రక్తం ద్వారా, లింఫ్ ద్వారా రావచ్చు. ఇంకో దారి కూడా ఉంది, పొట్ట బయటి గోడ దాటిన కణాలు కడుపులోని ఆ పొర మీద రాలి, బావిలో మట్టి అడుగుకి చేరినట్టు పొత్తికడుపు గుంటలో చేరతాయి. మూత్రాశయం పైకప్పు మీద ఆ పొరే కప్పి ఉంటుంది. ఆడవాళ్ళలో ఇలాగే అండాశయాలకి చేరతాయి.

ఇలా వచ్చిన గడ్డ తరచుగా మూత్రాశయం లోపలి పొరకి కింద, గోడలో దాక్కుని పెరుగుతుంది. అందుకే మూత్రంలో క్యాన్సర్ కణాల పరీక్ష చేస్తే ఏమీ లేదని వస్తుంది, రెండు కోర్సుల యాంటీబయోటిక్స్ కూడా అలాగే గడిచిపోతాయి. రెండు నెలలు పోయాయని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారని మీ ఉత్తరంలో ప్రతి వాక్యంలో కనిపిస్తోంది. ఆ రెండు నెలలు ముందు తెలిసినా దశ ఇదే ఉండేది, ఆ బరువు మోయొద్దు. చదువుతున్న మిగతావాళ్ళకి మాత్రం ఒక మాట, యాభై దాటినవాళ్ళకి, లేదా ఇంతకుముందు ఏ క్యాన్సర్ అయినా వచ్చినవాళ్ళకి మూత్రంలో రక్తం కనిపిస్తే, అది ఒక్కసారి కనిపించి ఆగిపోయినా సరే, వేడి అనుకోవద్దు, స్కాన్ చేయించండి.

ఇప్పుడు అన్నయ్య గారి మాట. నాన్నగారు రెండో జబ్బు తెచ్చుకోలేదు. పొట్ట జబ్బే ఇంకోచోట బయటపడింది. అది మూత్రాశయంలో ఉన్నా దాని స్వభావం పొట్టదే, దానికి పొట్ట క్యాన్సర్ మందులే పనిచేస్తాయి, బ్లాడర్ క్యాన్సర్‌కి మూత్రాశయంలోకి ఎక్కించే బీసీజీ లాంటివి దీనికి పనికిరావు. మూత్రాశయం తీసేస్తే మనకి కనిపిస్తున్న చోటు పోతుంది, కనిపించని చోట్లు ఉండిపోతాయి. పైగా అది చిన్న ఆపరేషన్ కాదు, పేగు ముక్కతో కొత్త దారి కుట్టాలి, ముప్పావు వంతు పొట్ట లేక సగం తిండి తింటున్న మనిషి దాన్నుంచి కోలుకోవడానికే నెలలు పడుతుంది, ఆ నెలల్లో కీమో ఇవ్వలేం. దూరంలో ఉన్నవాళ్ళకి ఏదో ఒకటి చేసేయాలన్న ఆరాటం ఉంటుంది, డబ్బుతోనైనా ఆపుదామనిపిస్తుంది, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ ఆపరేషన్‌కి నేనైతే ఒప్పుకోను. అన్నయ్యని ఆంకాలజిస్టుతో, అంటే క్యాన్సర్ డాక్టర్‌తో, వీడియో కాల్‌లో నేరుగా మాట్లాడించండి, మీరు మధ్యలో నలిగిపోవద్దు. ఒకవేళ పాత స్లైడ్లు చూశాక ఇది నిజంగా మూత్రాశయంలో పుట్టినదే అని తేలితే లెక్క మారుతుంది, అప్పుడు ఆపరేషన్ మాట మళ్ళీ మాట్లాడుకోవచ్చు. అందుకే స్లైడ్లు ముందు అంటున్నాను.

చేయాల్సింది ఏమిటంటే, మొదట కిడ్నీకి దారి. మూత్రాశయం లోపలి నుంచి మూత్రనాళంలోకి డీజే స్టెంట్ అనే సన్న గొట్టం వేస్తారు, దాన్ని కొన్ని నెలలకోసారి మార్చాలి, మార్చే తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. గడ్డ మూత్రనాళం ద్వారం మీదే ఉంటే స్టెంట్ దూరదు, వేసినా బయటి ఒత్తిడికి మూసుకుపోవచ్చు. అప్పుడు వీపు వైపు నుంచి కిడ్నీలోకే గొట్టం పెట్టి సంచి తగిలిస్తారు, పీసీఎన్ అంటారు. చూడ్డానికి బాధగా ఉంటుంది, పొలానికెళ్ళే మనిషి నడుముకి సంచి అంటే ముందు ఒప్పుకోరు. కానీ రెండు మూడు వారాల్లో క్రియాటినిన్ తగ్గి, అన్నం సయించి, లేచి కూర్చున్నాక చాలామంది అదే సంచి మీద లుంగీ కట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంటారు. సంచి ఎప్పుడూ కిడ్నీకన్నా కింద ఉండాలి, గొట్టం మడత పడకూడదు.

రక్తం గడ్డలు కట్టి మూత్రం ఆగిపోతే పొత్తికడుపు ఉబ్బి విలవిల్లాడిపోతారు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, లావుపాటి మూడు దారుల క్యాథెటర్ వేసి కడుగుతారు. రక్తం ఆపే ట్రానెక్సామిక్ మాత్రలు సొంతంగా వేయొద్దు, గడ్డలు గట్టిపడి దారి మూసేయవచ్చు. గుండెకో ఇంకోదానికో రక్తం పల్చబరిచే ఎకోస్ప్రిన్ లాంటివి వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, మీరే ఆపేయకండి. ఎంతకీ ఆగని రక్తానికి కొద్ది రోజుల రేడియేషన్ బాగా పనిచేస్తుంది.

దారి తెరుచుకుని, మనిషి తేరుకున్నాక మందుల మాట. ఆ ముక్క మీదే, ఏ మందు పనికొస్తుందో చెప్పే హెర్2, ఎంఎంఆర్, పీడీ-ఎల్1 అనే పరీక్షలు అడగండి. హెర్2 పాజిటివ్ వస్తే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ కీమోకి కలుపుతారు, ఇది మన దేశంలో తయారయ్యేది కూడా ఉంది కాబట్టి ధర కొంత దిగింది. సిగ్నెట్ రింగ్ రకంలో హెర్2 పాజిటివ్ తక్కువే, ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు, కానీ పరీక్ష మానొద్దు. ఎంఎంఆర్ లోపం ఉందని వస్తే ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి లేపే మందు, బాగా పనిచేస్తుంది. అవేవీ లేకపోయినా ఆక్సాలిప్లాటిన్, కేపిసిటబిన్ లాంటి కీమో ఉంది, కిడ్నీని బట్టి మోతాదు తగ్గిస్తారు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన రోజుల్లో చల్లటి నీళ్ళు తాగకూడదు, ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టకూడదు, గొంతూ వేళ్ళూ జివ్వుమని లాగేస్తాయి. ఇంతకుముందు ఇదే కీమో ఇచ్చి ఉంటే, ఎంత కాలం కిందట ఇచ్చారన్నదాన్ని బట్టి మందు మారుస్తారు, పాత కీమో చార్టు తప్పకుండా తీసుకెళ్ళండి.

డబ్బు గురించి మీరు రాయలేదు, కానీ అన్నయ్య పంపుతాడని ప్రైవేటులోనే ఉండిపోకండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ఇవి రోజూ ఈ జబ్బులే చూసే చోట్లు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర కార్డు చూపించి, చేయబోయే చికిత్స అందులో వస్తుందో రాదో మొదలుపెట్టక ముందే అడగండి, మధ్యలో అడిగితే చిక్కు.

తిండి రోజుకి ఆరుసార్లు, కొంచెం కొంచెం. మెత్తటి అన్నం, గుడ్డు, చేప, పప్పు, కమ్మటి పెరుగు. పొట్ట చిన్నదైపోయింది కాబట్టి అన్నంతో పాటు నీళ్ళు తాగించొద్దు, అరగంట తేడా ఉండాలి. తియ్యటివి ఎక్కువైతే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. పళ్ళు, పప్పు ఎంత పెట్టవచ్చో పొటాషియం రిపోర్టు చూపించి అడగండి. బీ12 పరీక్ష చేయించండి, పొట్ట తీసినవాళ్ళకి అది తగ్గిపోతుంది, నీరసంలో సగం దానివల్లే అయి ఉండొచ్చు.

ఎంత కాలం అని అడిగారు. దాచను. ఇది నాలుగో దశ, మందులతో పూర్తిగా పోయే దశ కాదు. పెద్ద పరిశోధనల్లో ఈ దశలో కీమో తీసుకున్నవాళ్ళ మధ్యస్థ కాలం ఏడాదికి అటూ ఇటూగా ఉంది, అంటే సగం మంది అంతకంటే తక్కువ, సగం మంది అంతకంటే ఎక్కువ. ఆ పరిశోధనల్లోకి కాస్త బలంగా, కిడ్నీలు బాగున్నవాళ్ళనే తీసుకుంటారని కూడా గుర్తుంచుకోండి. మందులు లేకపోతే కొన్ని నెలలు. మీ నాన్నగారిది ఏ వైపో కిడ్నీ తేరుకున్నాక, మొదటి రెండు మూడు కీమోలు అయ్యాక చేసే స్కాన్ చెబుతుంది. ఆయన బాగా నీరసించి మంచానికే పరిమితమైపోతే కీమో మేలుకన్నా కీడే చేస్తుంది, అప్పుడు వద్దనడం కూడా వైద్యమే, ఆ మాట డాక్టర్ చెబితే చేతులెత్తేశారు అనుకోకండి.

నొప్పికి మార్ఫిన్ అనగానే చాలామంది ఆఖరి మందు అని భయపడతారు. కాదు. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో వాడితే అలవాటు పడిపోతారన్న భయం పెట్టుకోవాల్సిన పనిలేదు, మలబద్ధకానికి మాత్రం రోజూ మందు ఇవ్వాలి. కిడ్నీ బాగా లేకపోతే మార్ఫిన్ ఒంట్లో పేరుకుని మగత వస్తుంది, అలాంటప్పుడు చర్మం మీద అంటించే ఫెంటనిల్ ప్యాచ్ లాంటివి ఉన్నాయి. నొప్పీ బాధా తగ్గించడమే పనిగా చూసే పాలియేటివ్ కేర్ డాక్టర్ని ఇప్పుడే, కీమోతో పాటే కలవండి. ఆఖర్లో కలిసే మనిషి కాదు ఆయన.

మీకూ అన్నయ్యకీ ఒక పరీక్ష చెప్పాలి. పొట్ట క్యాన్సర్ అంటుకునేది కాదు, కానీ దానికి దారివేసే హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఒకే ఇంట్లో వాళ్ళకి ఉండటం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. దాన్ని కనిపెట్టిన ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకి 2005లో నోబెల్ వచ్చింది. ఊపిరి పరీక్షతోనో మలం పరీక్షతోనో తెలుస్తుంది, ఉంటే రెండు వారాల మందులతో చాలామందికి పోతుంది. ఇంట్లో ఇంకెవరికైనా, ముఖ్యంగా యాభై లోపు, పొట్ట క్యాన్సర్ వచ్చి ఉంటే వంశంలో పొట్ట క్యాన్సర్ తెచ్చే సీడీహెచ్1 అనే జన్యువు లోపం గురించి కూడా డాక్టర్‌తో మాట్లాడండి.

చివరికి వదిలేసింది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, నాన్నగారికి చెప్పడం. రెండు నెలలుగా ఎర్రటి మూత్రం చూస్తున్నది ఆయనే. ఒకసారి క్యాన్సర్‌తో పడుకుని లేచిన మనిషి. ఇన్ఫెక్షన్ అని మీరు చెబుతుంటే ఆయన తలూపుతున్నారంటే, మీరు బాధపడకూడదని ఊరుకుంటున్నారేమో ఆలోచించండి. నేను చూసిన చాలా ఇళ్ళలో కూతురు తండ్రి కోసం దాస్తుంది, తండ్రి కూతురి కోసం దాస్తాడు, ఇద్దరూ వేరు వేరు గదుల్లో ఏడుస్తారు. అంకెలన్నీ ఒకేసారి చెప్పక్కర్లేదు. సాయంత్రం పూట పక్కన కూర్చుని, 'నాన్నా, డాక్టర్లు ఏమన్నారో తెలుసుకోవాలని ఉందా, లేక మమ్మల్నే చూసుకోమంటావా' అని అడగండి. చెప్పమంటే చెప్పండి, పాత జబ్బే మళ్ళీ వచ్చింది, మందులున్నాయి, నొప్పి లేకుండా చూసుకుంటాం అని. వద్దంటే ఆగండి, మళ్ళీ ఆయనే అడుగుతారు. పొలం కౌలు, పాస్‌పుస్తకం, బ్యాంకు నామినీ, ఎవరికో ఇచ్చిన అప్పు, అమ్మ ఎక్కడ ఉండాలి, ఇవన్నీ ఆయన నోటితోనే చెప్పాలనుకుంటారు, ఆ అవకాశం మనం తీసేయకూడదు. పీసీఎన్ సంచి కావాలా వద్దా అన్నది కూడా ఆయన ఒంటికి సంబంధించిన మాట, ఆయన్నే అడగాలి.

అన్నయ్యకి ఇవాళే ఫోన్ చేయండి. ఆపరేషన్‌కి దాచిన డబ్బులో ముందు టికెట్ కొనుక్కోమనండి. ఐసీయూ నుంచి ఫోన్ వెళ్ళాక బయలుదేరడం కాదు, నాన్నగారు లేచి కూర్చుని, ఇద్దరు పిల్లలతో మాట్లాడుతూ అన్నం తినగలిగే రోజుల్లోనే రమ్మనండి. కొత్త క్రియాటినిన్ ఎంత వచ్చిందో నాకు రాయండి.